గట్టుకు ఇవతల చియా

హిందూపురం,
అక్టోబరు.

నీలావతి వదినకు, నీ మరదలు రాధ నమస్కారాలు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మీ ఇంట్లో ఫోను మోగితే ఎత్తేది అన్న, స్పీకరు నొక్కేది అన్న, నేను నిన్ను అడిగిన దానికి జవాబు చెప్పేదీ అన్నే. నీతో ఒక్క మాట గుట్టుగా చెప్పుకోవాలంటే పోస్టాఫీసు తప్ప వేరే దారి లేదు. ఉత్తరమైతే ఆయన ముట్టుకోడు. కళ్లద్దాలు వెతుక్కునే ఓపిక ఆయనకు ఎక్కడిది!

పెనుకొండ దగ్గర నాయన చేనులో నా సగం నిండా చియా చల్లించాను. నాయన పోయాక అన్న చేను నడుమ గట్టు వేయించి, అవతల నాది, ఇవతల నీది అన్నాడు కదా, ఆ ఇవతల అన్నమాట. గట్టు బాగానే ఉంది కానీ బోరు అవతల పడింది. ఇవతలికి నీళ్లు రావాలంటే ఆయన మనసు తిరగాలి. అడగడానికి పోతే ఏమన్నాడో తెలుసా?

"ఈ ఒక్క పంటకు నీళ్లిడుస్తా రాధా. ఆ గింజ ముందు నేను తినాల. నా ఒంటికి మంచిదనిపిస్తే మళ్లీ ఏసుకో. లేదంటే నీ సగంలో కూడా శెనక్కాయే. నోరు తిరగని పేరు గింజ మనకెందుకమ్మా?"

సరే అన్నాను. కాబట్టి వదినా, నా పంట ఇప్పుడు నేలలో లేదు, మా అన్న కడుపులో ఉంది. దాన్ని కాపాడాల్సింది నువ్వే.

అగళిలో చంద్రప్పన్న దగ్గర విత్తనం తెచ్చుకున్నాను. ఆయన కొన్నేళ్లుగా పండిస్తున్నాడు. సగం తెలుగు సగం కన్నడంలో నాకు పాఠమంతా చెప్పాడు. తినడానికని ఒక పొట్లం కూడా ఇచ్చాడు, అదే నీకు పంపుతున్నాను. చూసి సబ్జా అనుకునేవు. సబ్జా నిగనిగా నల్లగా ఉంటుంది, నీళ్లలో పడీపడగానే ఉబ్బుతుంది. ఇది బూడిదరంగు, పైన సన్నని మచ్చలు. దీనికి తొందర లేదు, నిదానంగా ఉబ్బుతుంది.

అన్నకు షుగరు, బీపీ. పొద్దున అంగడి తెరిస్తే రాత్రి దాకా పట్టుచీరల మధ్య పరుపు దిగడు. ఇంట్లో బాత్రూములోకి దూరాడంటే నువ్వు కలిపిన కాఫీ చల్లారిపోవాల్సిందే. ఆయన లాంటివాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది ఈ గింజ. మూడోవంతు పీచే. నీళ్లు పట్టుకుని జిగురుగా మారి కడుపులో మెల్లగా సాగుతుంది, తిన్న సంగటిలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కనివ్వదు. ఆకలి కూడా వెంటనే వేయదు, సాయంత్రం బజ్జీల బండి వైపు చూపు తగ్గుతుంది. ఎముకలకు కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. గుండెకు మేలు చేసే ఒమేగా-3 అనే కొవ్వు, చేపలు తినని మన ఇళ్లలో దొరకడం కష్టం, అది ఇందులో దండిగా ఉంది. అవిసెల్లోనూ ఉందనుకో, కానీ అవిసెలు పొడి కొట్టాలి. ఇది నానితే చాలు.

ఒక చెంచా గింజలకు పెద్ద గ్లాసు నీళ్లు పోసి, అరగంటకు తక్కువ కాకుండా నానబెట్టు. మొదట్లో చెంచా దాటొద్దు, కడుపు ఉబ్బుతుంది. డాక్టరును ఒక మాట అడిగి మొదలుపెట్టు. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు అడగాలంట. మాత్రలు మాత్రం ఒక్కటి కూడా మానకూడదు. ఇది మందు కాదు, తిండి.

జవాబు రాయి. స్పీకరులో మాత్రం చెప్పకు.

రాధ

*

ధర్మవరం,
నవంబరు.

రాధకు, నీలావతి దీవెనలు.

పొట్లం అందింది. ఉపన్యాసం కూడా అందింది. నువ్వు అంగడి పెట్టుకుని చీరలు అమ్మి ఉంటే మీ అన్న ఈపాటికి దుకాణం మూసుకునేవాడు.

అయినా అడుగుతాను, మన రాగుల్లో కాల్షియం లేదా? శెనక్కాయలో సత్తువ లేదా? ఎక్కడో మెక్సికోలో పుట్టిన గింజను తెచ్చి పెనుకొండ కొండల కింద చల్లితే తప్ప మన ఎముకలు నిలబడవా? ఇది నా మాట కాదులే, ఆయన మాట. సగం నాది కూడా.

నువ్వు చెప్పినట్టే నానబెట్టి, నిమ్మకాయ పిండి, గాజు గ్లాసులో పోసి ఇచ్చాను. తప్పంతా గాజు గ్లాసుదే. పైకెత్తి వెలుతురులో చూశాడు.

"ఏమ్మే, ఏందిది? కప్ప గుడ్ల మాదిరి ఉండాది."

"చియా. మీ చెల్లెలు పంపింది."

"నేనేమన్నా కొంగనా, కప్ప గుడ్లు తాగేకి? తీసకపో ఆడికి."

తీసుకుపోయాను. పారబోయడానికి మాత్రం మనసొప్పలేదు. పొయ్యి మీద రాగి అంబలి ఉంది. అందులో కలిపాను. రాగి రంగులో గింజ కనపడితే ఒట్టు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తే గటగటా తాగి, "ఈపొద్దు అంబలి బాగా చిక్కగా కుదిరిందే" అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ అదే పని. బీపీ చూపించడానికి పోయినప్పుడు ఆయన చెప్పులు వేసుకునేలోపల డాక్టరమ్మను అడిగేశాను. చెంచా అయితే ఫర్వాలేదంది, మాత్రలు ఆపకూడదంది, నీళ్లు బాగా తాగించమంది. అచ్చం నీ మాటే.

ఇప్పుడు విను. ఈ మధ్య కాఫీ చల్లారడం లేదు. వేడిగా ఉండగానే బయటికి వస్తున్నాడు, పైగా కూనిరాగం తీసుకుంటూ. సాయంత్రం బజ్జీలు తెప్పించడం కూడా తగ్గింది.

కానీ పేరెవరికి వచ్చిందో తెలుసా? మెంతులకు! మీ అమ్మ నేర్పిందని రోజూ పరగడుపున ఇన్ని మెంతులు నోట్లో బొక్కి చెంబుడు నీళ్లు తాగుతాడు కదా, అంగడికి వచ్చిన వాళ్లందరికీ ఇప్పుడు ఆ మెంతుల మహిమే చెబుతున్నాడు. నేను చీరలు మడతపెడుతూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంత సుఖమైన అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఇంకొన్నాళ్లు ఇలాగే సాగనీ. పొట్లం అయిపోవచ్చింది, ఇంకొకటి పంపు.

నీలావతి

*

పెనుకొండ,
డిసెంబరు.

వదినకు,

పూత వచ్చింది! చేనంతా నీలం. రెండు వారాలుగా ఇక్కడే ఉన్నాను, హిందూపురంలో మా ఆయన సొంతంగా వంట చేసుకుంటూ నన్ను తిట్టుకుంటున్నాడు. తిట్టుకోనీ.

నీకో మాట చెప్పనా? గట్టుకు అవతల అన్న శెనక్కాయను అడవి పందులు తవ్వి పోగులు పెట్టాయి. గట్టు దాటి ఇవతలికి మాత్రం రాలేదు. ఈ ఆకు ఘాటు వాటికి పడదంట. మేకలు కూడా మూతి పెట్టి, తుమ్మి, వెనక్కు పోతున్నాయి. కాపలా ఎల్లప్ప, "పందికి పనికిరానిది మనిషికేం పనికొస్తాదమ్మా?" అని నన్నే అడిగాడు. నాన్చిన గింజలు మజ్జిగలో వేసి ఇచ్చాను. ఇప్పుడు రోజూ తానే అడిగి తాగుతున్నాడు.

మెక్సికో మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా. హిందూపురం మార్కెట్లో గుట్టలు గుట్టలుగా పోసే మిరపకాయలు ఎక్కడివి? అవీ ఆ పక్క నుంచి సముద్రం దాటి వచ్చినవే. అన్న ప్రాణం పెట్టే శెనక్కాయ కూడా అంతే. మన ముత్తాతల ముత్తాతలు ఎవరో మొదట నోరు తిరగక, తర్వాత నాలుకకు అలవాటై, ఆఖరికి మనదే అనుకున్నారు. రాగులను కాదనమని నేనెప్పుడన్నాను? రాగి అంబలిలో చియా కలిపి ఏది ఎక్కువ ఏది తక్కువ అనే తగువే లేకుండా చేసింది నువ్వే కదా.

కానీ వదినా, చాటుగా పెట్టడం ఇక చాలు. అన్నకు చెప్పేయి.

నీకు తెలుసు, ఆయన పోగు తీసి కాల్చి చూడందే పట్టు అని ఒప్పుకోడు. ఎంత పెద్ద మగ్గం నుంచి వచ్చినా సరే, అగ్గిపుల్ల గీయాల్సిందే, వెంట్రుకలు కాలిన వాసన రావాల్సిందే. అట్లాంటి మనిషికి తెలియకుండా తినిపించి, గెలిచామని నీళ్లు అడిగితే అది నకిలీ జరీ అంటగట్టినట్టు కాదా? నాకు ఆ నీళ్లు వద్దు. ఆయనే తిని, తెలిసి తిని, మంచిదని నోటితో అనాలి. అంటాడు. నాకు గింజ మీద నమ్మకం ఉంది, ఆయన మీద ఇంకా ఎక్కువ ఉంది.

రాధ

*

ధర్మవరం,
జనవరి.

రాధా,

ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి, ఆయన మొహం గోడకు తిప్పుకుంటే తలుపు దగ్గరే నిలబడి వెళ్లిపోయావు. అంతమందిలో నీకు ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

నీ మాట ప్రకారం పండగ పోయాక ఒక పొద్దున నిజం చెప్పేశాను. "నా ఇంట్లోనే నాకు తెలీకుండా నా నోట్లోకి దొంగతనమా?" అని ఎగిరాడు. నేను భయపడలేదు. "కాఫీ ఎందుకు చల్లారడం లేదో ఆలోచించుకో" అన్నాను. తర్వాత మీసం కింద నవ్వు మొదలైంది. నాకు ధైర్యం వచ్చింది. ఆ నవ్వు చూసి మోసపోయాను.

"అట్లనా? అయితే ఈ చెంచా కొలతలేంది? ఈ నానబెట్టే తమాషా ఏంది? నేను మెంతులు నానబెట్టుకోని తింటాండానా?"

నేను డబ్బా లాక్కునేలోపల పిడికెడు గింజలు పొడిగానే నోట్లో పోసుకుని, మెంతులు మింగినట్టు చెంబుడు నీళ్లు తాగేశాడు. "చూడు, అయిపాయె" అని అంగడికి బయల్దేరాడు.

వీధి మలుపు దాకా కూడా పోలేదు. తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఎదలో రాయి పెట్టినట్టుందన్నాడు. నీళ్లిస్తే నీళ్లు దిగలేదు, ఉమ్మి కూడా దిగలేదు. కళ్లు పెద్దవి చేసి నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి కళ్లలో భయం నేను చూడలేదు రాధా. అనంతపురం పోయేదాకా కారులో నా ప్రాణం నా దగ్గర లేదు.

గొంతులోకి సన్నని గొట్టం దించి తీశారు. గింజలన్నీ లోపల నీళ్లు తాగి ఒకే జిగురు ముద్దగా బిగుసుకున్నాయంట. గ్లాసులో నానాల్సింది గొంతులో నానింది. నానబెట్టి తినుంటే ఏమీ అయ్యేది కాదని ఆ డాక్టరే అన్నాడు. ఇప్పుడు బాగున్నాడు. రెండు రోజులు గంజి తాగి, మూడో రోజు కారం లేదని నన్ను తిట్టాడు, అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

కానీ ఇంటికి వచ్చీ రాగానే అన్నమాట కూడా దాచకుండా రాస్తున్నాను. "ఆ గింజకు నా బోరులో ఇంక ఒక్క చుక్క ఇడవను. చెప్పు దానికి."

నీ మీద నాకు కోపం లేదు. గింజ మీద కూడా లేదు. ఆ డబ్బా ఇంకా అటకమీదే ఉంది, పారేయలేదు. అంతకంటే ఏమి రాయాలో తెలియడం లేదు.

నీలావతి

*

పెనుకొండ,
ఫిబ్రవరి.

వదినకు,

నీ ఉత్తరం చేనులోనే చదివాను. చదివి గట్టు మీద కూర్చుని బాగా ఏడ్చాను. అన్నకు ఏమన్నా అయ్యుంటే ఈ పంట చూసే మొహం నాకు ఉండేది కాదు. ఆయన కారం లేదని తిట్టాడని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర ఏడుపు ఆగింది.

ఇక్కడ కోత అయిపోయింది. కంకులు ఎండబెట్టి, టార్పాలిన్ మీద కొట్టి, గాలి తక్కువున్న వేళ చూసి తూర్పారబట్టాం. గాలి కాస్త గట్టిగా వీస్తే పొట్టుతో పాటు గింజ కూడా పోతుంది, అంత సన్నం. పంట బాగుంది వదినా. దాచను, చాలా బాగుంది.

అన్న మాట విన్నాను. నీళ్లు ఆయనవి. ఇవ్వనంటే మొండికెత్తను, పోట్లాడను, నా సగంలో కూడా శెనక్కాయ వేస్తాను. కానీ దానికి ముందు ఆయన ఒక పని చేయాలి. నా తరఫున నువ్వు అడుగు. తల వంచుకుని అడగొద్దు, నిటారుగా నిలబడి అడుగు.

పోగు కాల్చకుండా ఒక్క చీర కూడా కొనని మనిషి, ఈ గింజను పరీక్ష చేయకుండా పిడికెడు మింగేశాడు. పట్టుకు ఒక న్యాయం, చియాకు ఒక న్యాయమా? అంగడిలో ఆయన కళ్లెదురుగా గాజు గ్లాసులో ఒక చెంచా గింజలు వేసి నీళ్లు పోయి. ఏమీ మాట్లాడకు. అరగంట ఆయననే చూడనీ. తన బరువుకు పదింతల నీళ్లు పట్టుకునే గింజ అది. అది గ్లాసులో ఎంత మంచిదో, గొంతులో ఎందుకు ఇరుక్కుందో, రెండూ ఒకే గ్లాసులో కనపడతాయి. ఆయన్ను భయపెట్టిన గుణమే ఆయన కాఫీ చల్లారకుండా చేసింది. అది చూశాక కూడా వద్దంటే నేను మారు మాట్లాడను.

ఈసారి పొట్లంలో గింజలు మన చేనువి. నాయన మట్టిలో పండినవి. ఆ మాట కూడా ఆయనకు చెప్పు.

రాధ

*

ధర్మవరం,
ఏప్రిల్.

రాధకు దీవెనలు.

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. చూసి రాద్దామని ఆగాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. అంగడిలో జనం ఉన్న వేళ చూసుకుని, చీరలు తూచే కాటా పక్కన గాజు గ్లాసు పెట్టి, గింజలు వేసి నీళ్లు పోసి, కాస్త కలిపి, ఈవలికి వచ్చి కూర్చున్నాను. "ఏందది?" అన్నాడు. "పోగు కాలుస్తాండా" అన్నాను. ఎగాదిగా చూశాడు గానీ గ్లాసు తీసేయమనలేదు.

చీర చూపిస్తూ ఒక కన్ను గ్లాసు మీద వేశాడు. తర్వాత రెండు కళ్లూ వేశాడు. పెళ్లి చీరలకని వచ్చిన కదిరి వాళ్లు బేరం ఆపి, వాళ్లూ గ్లాసే చూడటం మొదలుపెట్టారు. గింజ చుట్టూ తెల్లటి పొర కట్టింది, పైకి లేచింది, గ్లాసు చిక్కబడింది. మీ అన్న గ్లాసు తీసి తలకిందులు చేయబోయి, కారుతుందని భయపడి కొంచెం వంచాడు. మెల్లగా జారింది. గొంతు తడుముకున్నాడు.

"ఇది లోపల ఇట్ల అయిందా నాకు?"

"ఊఁ."

"గింజకేం తెలుసు, అది గ్లాసా గొంతా అని. తాగేది దాని గుణం. నాకు గదా తెలియాల్సింది" అన్నాడు. కదిరి ఆమె, "ఏందన్నా అది?" అని అడిగింది. అంతే. పీచు, కొవ్వు, కాల్షియం, నువ్వు రాసినవన్నీ, నేను ఎప్పుడెప్పుడో చెప్పినవన్నీ, తానే కనిపెట్టినట్టు చెప్పాడు. పొడిగా మింగితే ఏమవుతుందో కూడా చెప్పాడు, ఎవరికి అయిందో మాత్రం చెప్పలేదు. చెప్పి చెప్పి, అందరూ చూస్తుండగా ఆ గ్లాసు ఎత్తి నిదానంగా తాగేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగలాగే తాగావు అన్నాను. నవ్వాడు.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు తానే నానబెట్టుకుంటున్నాడు. మెంతులు కూడా నానబెడుతున్నాడు! మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు, పొద్దునే స్టేషన్ దాకా నడుస్తున్నాడు. మొన్న రక్తపరీక్షలో షుగరు కొంచెం దిగింది. మాత్రలు, నడక, తిండి మూడూ కలిస్తేనే దిగిందని, ఒక్కదానికే పేరు పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆయన తలూపాడు. బయటికి వచ్చాక మాత్రం, "మన చేను గింజ" అన్నాడు.

నీళ్ల సంగతి అడిగాను. ఉత్తరాలు యాడ పెట్టినావు అని అడిగాడు. అన్నీ ఇచ్చేశాను రాధా. నాది తప్పయితే మన్నించు.

నీలావతి

*

ధర్మవరం,
జులై.

రాధమ్మకు, అన్న శ్రీనివాసులు దీవించి రాసేది.

కళ్లద్దాలు దొరికాయి. నీ ఉత్తరాలన్నీ చదివాను. స్పీకరు గురించి రాసింది కూడా చదివాను. ఇకమీదట మీ ఇద్దరి మాటల్లో దూరను, దూరితే చెప్పండి.

నేను పోగు కాల్చకుండా మింగానని రాశావు. నిజమే. ముప్పై ఏళ్ల వ్యాపారంలో నన్ను ఇంత సూటిగా తప్పు పట్టినవాళ్లు లేరు. ఆసుపత్రిలో గోడకు తిరిగింది నీ మీద కోపంతో కాదమ్మా, నీకు నా మొహం చూపించలేక. చిన్నప్పుడు నీ పలక మీద అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఒక గ్లాసు నీళ్ల పాఠం నీ దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నాను.

నా సగంలో ఈసారి శెనక్కాయ వేయించలేదు. దుక్కి దున్నించి పెట్టమని ఎల్లప్పకు చెప్పాను. చియా రెండు పక్కలా వేయి. విత్తనం నీది, నీళ్లు నావి. అగళి చంద్రప్పను ఒకసారి అంగడికి పిలుచుకుని రా, ఆయనతో నేనూ మాట్లాడాలి. అమ్మేటప్పుడు ప్రతి సంచి మీద పెద్ద అక్షరాలతో రాయించు: అరగంట నానబెట్టి తినవలెను, పొడిగా మింగరాదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ధర్మవరంలో ఒక పెద్దమనిషి గొంతులో ఇరుక్కుందని చెప్పు. పేరు చెప్పొద్దు.

మీ వదిన ఇప్పుడు తాను కూడా తాగుతోంది. మోకాళ్లకని చెబుతోంది, నన్ను కనిపెట్టి ఉండటానికని నాకు తెలుసు.

ఇంకొక్క మాట. బోరు నుంచి నీ పక్కకు పైపు లాగాలని ఎల్లప్ప అడిగాడు. పైపు ఎందుకు, గట్టు అడ్డం లేకపోతే నీళ్లు వాటంతట అవే పోతాయి. ఆదివారం నేనూ మీ వదినా పెనుకొండ వస్తున్నాం. నువ్వు కూడా హిందూపురం నుంచి పొద్దున బస్సుకే బయల్దేరు. పారలు రెండు తెచ్చిపెట్టమని చెప్పాను. గట్టు వేయించింది నేను, మొదటి పార నేనే వేస్తాను.

మీ అన్న
శ్రీనివాసులు